నాగార్జునకొండ ద్వీపం మీద అన్నీ మళ్లీ కట్టినవేనట, అయినా వెళ్లాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వచ్చే నెల మీ నాన్నగారిని, ఇద్దరు పిల్లల్ని తీసుకుని నాగార్జునసాగర్ వెళ్తున్నారు. ఒక్క రోజే వీలు. "ద్వీపం మీద ఉన్నవన్నీ ఈమధ్య పేర్చిన ఇటుకలే, లాంచీ షికారు తప్ప అక్కడేమీ లేదు" అని మీ స్నేహితుడు అన్నారట. అసలు కొండకు వెళ్లాలా, లేక డ్యామ్, ఎత్తిపోతల జలపాతం చూసుకుని వచ్చేయాలా, వెళ్తే ఏది ముందు ఏది తర్వాత చూడాలి అని అడిగారు.

తప్పకుండా వెళ్లండి. నేను సోషల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. పిల్లల్ని వెంటబెట్టుకుని దాదాపు ప్రతి ఏడూ ఆ కొండకు వెళ్లేవాణ్ని, ఇప్పటికీ చుట్టాలు ఎవరొచ్చినా తీసుకెళ్తుంటాను. మీ స్నేహితుడి మాటలో సగం నిజం ఉంది. ద్వీపం మీద మీరు చూసే చైత్యాలు (బౌద్ధుల పూజాస్థలాలు), విహారాలు (భిక్షువులు ఉండే చోట్లు) పుట్టినచోట లేవు. కింద లోయలో ఉన్నవాటిని విప్పి, పైకి తెచ్చి మళ్లీ కట్టారు. తొమ్మిది కట్టడాలను ఇలా తరలించారు, మరో పద్నాలుగింటికి నమూనాలు చేసి పెట్టారు. ఎందుకు తరలించాల్సి వచ్చిందో తెలిస్తే ఆ ఇటుకల్ని చూసే చూపే మారిపోతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. అది మొదటినుంచీ ద్వీపం కాదు. మూడు పక్కల నల్లమల కొండలు, నాలుగో పక్క కృష్ణానది, మధ్యలో ఒక లోయ. ఆ లోయలో ఒక కొండ. శాసనాల్లో ఆ కొండ పేరు శ్రీపర్వతం, దాని కింది నగరం పేరు విజయపురి. శాతవాహనుల తర్వాత క్రీ.శ. 3వ శతాబ్దంలో వచ్చిన ఇక్ష్వాకు రాజులకు అది రాజధాని. ఆచార్య నాగార్జునుడి పేరు మీద నాగార్జునకొండ అనడం తర్వాత వచ్చిన వాడుక. సాగర్ ఆనకట్ట కట్టాక లోయంతా నీళ్లపాలైంది, కొండ నెత్తి మాత్రం పైకి మిగిలింది. మనం ద్వీపం అంటున్నది ఆ నెత్తినే. మీరు లాంచీలో వెళ్లేటప్పుడు విజయపురి మీ కాళ్ల కిందే ఉంటుంది.

ఈ చోటు బయటపడిన కథ పిల్లలకు చెప్పండి, బాగా నచ్చుతుంది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు ఆ అడవి లోయలో అక్షరాలున్న రాతి స్తంభాన్ని చూసి, ఆ సంగతి మద్రాసులోని శాసన విభాగానికి చేరవేశారు. అక్కణ్నుంచి ఎ. రంగస్వామి సరస్వతి వచ్చి చూశారు. 1927 నుంచి 1931 దాకా ఎ.హెచ్. లాంగ్‌హర్స్ట్, 1938 నుంచి టి.ఎన్. రామచంద్రన్ పురావస్తు శాఖ తరఫున తవ్వారు. ఆ తర్వాత డ్యామ్ నిర్ణయం వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. నీళ్లు నిండేలోపు ఏం దొరికితే అది దక్కించుకోవాలని 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయంతా గాలించారు. పాతరాతియుగపు పనిముట్ల దగ్గర్నుంచి మధ్యయుగపు గుళ్ల దాకా వందకు పైగా చోట్లు బయటపడ్డాయి. అంటే మనకు ఇప్పుడు తెలిసినదాంట్లో పెద్ద భాగం ఆ ఆరేళ్ల పరుగులో దొరికిందే. ఆ పరుగు లేకపోతే నీళ్ల కింద ఏం పోయిందో కూడా మనకు తెలిసేది కాదు. నాకు ఆ ఇటుకల మీద ఇంత ప్రేమ ఎందుకంటే ఇందుకే.

ఇక దారి. ఆంధ్ర వైపు నుంచి వస్తే విజయపురి సౌత్ రేవు, తెలంగాణ వైపు నుంచి వస్తే హిల్ కాలనీ పక్క రేవు. రెండు వైపులా పర్యాటక శాఖల లాంచీలు ఉంటాయి. లాంచీ ప్రయాణం ముప్పావు గంట అనుకోండి. మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆ రోజు మాత్రం పెట్టుకోకండి. గాలి ఎక్కువగా ఉన్నా, వరద వస్తున్నా లాంచీలు ఆపేస్తారు. జనం సరిపడా రాకపోతే కదలవు కూడా. అందుకని బయల్దేరే ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోండి, పొద్దున మొదటి లాంచీకే రేవులో ఉండేలా చూసుకోండి. ఈ ఒక్కటీ సరిగ్గా చేసుకుంటే మిగతా రోజంతా టెన్షన్ ఉండదు.

లాంచీ ఎక్కేముందు ఒకటి అడిగి తెలుసుకోండి: అక్కడ ఎంతసేపు ఆపుతారు, ఒకవేళ ఆలస్యమైతే తర్వాతి లాంచీలో వెనక్కి రానిస్తారా అని. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఇది అడగలేదు. నలభైమంది పిల్లలతో దిగాం. గంటలో వచ్చేయాలని లాంచీవాళ్లు దిగాక చెప్పారు. మ్యూజియంలో అరగంట క్యూలో నడిచాం, బయట ఒక స్తూపం ముందు గ్రూప్ ఫోటో దిగాం, మళ్లీ రేవుకు పరుగు. తిరిగొచ్చేటప్పుడు ఒక పిల్ల అడిగింది, "మాస్టారూ, నగరం ఏదండీ?" అని. నా దగ్గర జవాబు లేదు. నీళ్ల వైపు చెయ్యి చూపించాను గానీ, ఆ నీళ్లలో ఏది ఎక్కడ ఉండేదో నాకే తెలియదు. ఆ ప్రశ్న కోసమే తర్వాత మళ్లీ మళ్లీ వెళ్లాను. మీకు కనీసం రెండున్నర గంటలు కావాలి. మూడు దొరికితే ఇంకా మంచిది.

వెళ్లేటప్పుడు లాంచీలో నీడ చూసుకుని కూర్చోవద్దని మీ పిల్లలకు చెప్పండి. కొండల వరసను చూడమనండి. దూరంగా గోడలా కనిపించే ఆ కొండలే లోయకు ప్రహరీ. ఆ ప్రహరీ లోపల నీళ్లు తీసేసినట్టు ఊహించుకోమనండి: పొలాలు, ఇటుక స్తూపాలు, రాతి మెట్ల ఘాట్, పుల్లారెడ్డిగూడెం అనే ఊరు. ఆ ఊరివాళ్లు ఇళ్లూ వాకిళ్లూ వదిలి వెళ్లారు. మునిగిపోయిన చరిత్ర అంటే అందరూ బౌద్ధాన్నే తలచుకుంటారు. ఆ ఊరు కూడా అందులో భాగమేనని పిల్లలకు తప్పకుండా చెబుతాను నేను.

దిగాక చాలామంది తోటలోకి వెళ్లిపోతారు. మీరు మాత్రం నేరుగా మ్యూజియంలోకి వెళ్లండి. 1966లో దీన్ని ఇక్కడ పెట్టారు. లోపల మునిగిన లోయ నమూనా ఒకటి ఉంది. అందరూ దాన్ని ఆఖర్న, అలసిపోయాక చూసి "ఓహో" అని వచ్చేస్తారు. దాన్ని మొదట చూడాలి. పది నిమిషాలు దాని ముందు నిలబడండి. కొండ ఎక్కడ, నది ఎక్కడ, మహాచైత్యం అనే పెద్ద స్తూపం ఎక్కడ ఉండేది, ఘాట్ ఎక్కడ ఉండేది అని పిల్లల చేత వేలితో చూపించండి. ఇది బుర్రలోకి ఎక్కాక బయట చూసే ప్రతి కట్టడానికీ ఒక చోటు దొరుకుతుంది. లేకపోతే అన్నీ తోటలో పెట్టిన బొమ్మల్లాగే కనిపిస్తాయి. మీ స్నేహితుడికి అలా కనిపించడంలో వింత లేదు.

తర్వాత రాతి పనిముట్ల అరలు. ఇక్కడ ఎవరూ ఆగరు, ఎందుకంటే శిల్పాలు రారమ్మని పిలుస్తుంటాయి. మీరు ఆగండి. ఏటి గులకరాళ్ల పొరల్లో దొరికిన పాతరాతియుగపు చేతిగొడ్డళ్లు క్వార్ట్జైట్ రాతివి. వాటిని మామూలు రాయి నుంచి ఎలా గుర్తుపట్టాలో పిల్లలకు చూపించండి. రాయి సహజంగా పగిలితే ఎటుపడితే అటు పగులుతుంది. మనిషి చెక్కితే అంచు పొడవునా పెచ్చులు ఒకదాని పక్కన ఒకటి వరసగా లేచిపోయి ఉంటాయి, రెండు పక్కలా. ఆ పెచ్చుల గుంటల్ని ఒక్కసారి కంటితో పట్టుకుంటే ఇక జన్మలో మర్చిపోరు. నా విద్యార్థి ఒకడు ఆ తర్వాత వాళ్ల ఊరి వాగులో రాళ్లన్నీ తిరగేసి చూసేవాడు.

ఆ పక్కన కొత్తరాతియుగపు గొడ్డళ్లు. తేడా చూడగానే తెలుస్తుంది: ఇవి చెక్కి వదిలేసినవి కావు, అరగదీసి నున్న చేసినవి. చేతిలో పట్టుకుంటే ఏటిలో దొరికిన నున్నటి రాయిలా ఉండేంత పని చేశారు. ఈ కాలంవాళ్లు లోయలో గుంటలు తవ్వుకుని, చుట్టూ గుంజలు పాతి, పైకప్పు వేసుకుని ఉన్నారు. గుంజలు కుళ్లిపోయాయి, అవి పాతిన గుంతలు మాత్రం మట్టిలో రంగు తేడాగా మిగిలాయి. తవ్వినవాళ్లు ఆ రంగు తేడా పట్టుకుని ఇల్లు ఎంత ఉండేదో చెప్పగలిగారు. ఇలాంటివి కొండ మీదికి తేవడం ఎవరి తరమూ కాదు. గుంతను విప్పి మళ్లీ కట్టలేం కదా. కాగితం మీద గీసుకున్న గీతలు, ఈ అరల్లోని రాళ్లు, అంతే మిగిలాయి.

శిల్పాల హాల్లో ఒక చిన్న చిట్కా చెబుతాను, ఇది తెలిస్తే మీకు గైడు అవసరం ఉండదు. పొడవాటి పలకల మీద కథలు గళ్లు గళ్లుగా చెక్కి ఉంటాయి. మన అలవాటు కొద్దీ ఎడమ నుంచి కుడికి చూస్తాం, కథ అర్థం కాదు. చాలా పలకల్ని కుడి నుంచి ఎడమకు చూడాలి. కారణం చాలా మామూలుది. స్తూపం చుట్టూ ప్రదక్షిణ చేసేటప్పుడు స్తూపం మన కుడిచేతి వైపు ఉంటుంది. నడుస్తూ స్తూపం వైపు తిరిగితే మనం ఎడమకు జరుగుతున్నట్టే. నడిచే మనిషి కోసం చెక్కిన కథ అది, కూర్చుని చూసేవాళ్ల కోసం కాదు. గడికీ గడికీ మధ్య ఒక స్త్రీపురుష జంట నిలబడి ఉంటారు. వాళ్లు కథలో వాళ్లు కారు, కథను విడదీసే గీత లాంటివాళ్లు. ఆ జంటల్ని గమనించండి, ఏ రెండు జంటలూ ఒకేలా ఉండవు. ఒకచోట అలిగినట్టు, ఇంకోచోట బుజ్జగిస్తున్నట్టు. రాయి లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు, మన పల్నాటి సున్నపురాయి. మెత్తగా చెక్కుడు పడుతుంది కాబట్టే గోళ్లు, గాజులు, తలపాగా మడతలు కూడా అంత సన్నగా తీశారు.

శాసనాలున్న స్తంభాల దగ్గర అక్షరాల ఆకారం చూడండి. బ్రాహ్మీ లిపే, కానీ నిలువు గీతల్ని కిందికీ పైకీ పొడుగ్గా లాగి చివర వంపు తిప్పారు. చదవడం రాకపోయినా, రాసినవాడు అక్షరాన్ని అలంకరించాలనుకున్నాడని తెలిసిపోతుంది. మొదటివి ప్రాకృతంలో, తర్వాతి కాలంవి కొన్ని సంస్కృతంలో ఉన్నాయి. ఈ శాసనాల్లో రాజుల కన్నా ఎక్కువగా ఆడవాళ్లు కనిపిస్తారు. మొదటి రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు, వైదిక మతస్థుడు. ఆయన తోబుట్టువులు, కోడళ్లు మాత్రం బౌద్ధ కట్టడాలకు స్తంభాలు నిలబెట్టారు. మహాచైత్యాన్ని బాగుచేయించింది ఆయన తోబుట్టువు శాంతిశ్రీ. అది శాంతమూలుడి కొడుకు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరంలో. ఉజ్జయిని నుంచి వచ్చిన రాణి రుద్రధరభట్టారిక కూడా స్తంభం నిలబెట్టి 170 దీనారిమాషకాలు అనే నాణేలు ఇచ్చింది. దీనార అన్న మాట రోము నాణెం పేరు నుంచి వచ్చింది, రోము బంగారు నాణేలు ఈ లోయలో దొరికాయి కూడా.

ఇంకొకటి, ఇది మీ నాన్నగారికి చెప్పండి, ఆ తరంవాళ్లకు బాగా నచ్చుతుంది. వీరపురుషదత్తుడి రాణుల్లో ఇద్దరు, బాపిశ్రీ, షష్ఠిశ్రీ, ఆయన మేనత్త హమ్మశ్రీ కూతుళ్లే. మేనరికం అన్నమాట. పదిహేడు వందల ఏళ్ల నాటి రాతి మీద మన ఇళ్లలోని చుట్టరికం చదువుతుంటే నాకు ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది.

ఛాయాస్తంభాలు అని కొన్ని ఉంటాయి, అవి చనిపోయినవారి గుర్తుగా నిలబెట్టినవి. రాజుకు నిలబెట్టారు, యుద్ధంలో పోయిన సైనికులకు నిలబెట్టారు, పనివాళ్ల పెద్దకూ నిలబెట్టారు. పల్నాటి ఊళ్లలో వీరగల్లులు చూసి ఉంటే వీటిని వాటి పెద్దతాతలు అనుకోవచ్చు.

మ్యూజియం నుంచి బయటికి వచ్చాక అందరూ పెద్ద స్తూపం వైపు నడుస్తారు. నేను ముందుగా రాక్షసగుడి దగ్గరికి తీసుకెళ్తాను. ఎందుకంటే కాలక్రమంలో అదే ముందు, అదే అందరూ దాటిపోయేది. చూడ్డానికి ఏముంది అంటే, నిజంగానే పెద్దగా ఏమీ లేదు: గుండ్రంగా పాతిన బండరాళ్లు, మధ్యలో సమాధి. మన ఊళ్లలో వీటిని రాక్షసగుళ్లు అంటారు, కొన్నిచోట్ల పాండవగుళ్లు అంటారు. అంత బరువు మనుషులు మోయలేరు, రాక్షసులో పాండవులో మోసి ఉంటారని పెద్దలు అనుకున్నారు.

మోసింది మనుషులే. ఇనుము వాడకం వచ్చిన కాలంవాళ్లు. ఇలాంటి సమాధుల్లో సాధారణంగా మొత్తం శవం ఉండదు, ముందు వేరేచోట ఉంచి తర్వాత ఏరి తెచ్చిన ఎముకలు ఉంటాయి. పక్కన కుండలు, ఇనుప పనిముట్లు. కుండలు లోపల, అంచు దగ్గర నలుపు, బయట కింది భాగం ఎరుపు. ఒకే కుండకు రెండు రంగులు ఎలా వస్తాయని పిల్లలు అడుగుతారు. కుండను బోర్లించి ఆవంలో పెడితే లోపలికి, అంచుకు గాలి తగలదు, అక్కడ నల్లబడుతుంది. గాలి తగిలినంత మేర ఎర్రగా కాలుతుంది. రంగు వేసింది కాదు, నిప్పును అంత బాగా తెలుసుకున్న పని.

ఆ రాళ్ల వలయం పక్కన ఐదు నిమిషాలు ఊరికే నిలబడమని నా పిల్లలకు చెప్పేవాణ్ని. ఇల్లు గుంజలతో, ఆకులతో కట్టుకున్నవాళ్లు పోయినవాళ్లకు మాత్రం రాతితో కట్టారు. వాళ్ల ఇళ్లలో ఒక్కటీ మిగల్లేదు, సమాధి మిగిలింది. స్తూపం కూడా అసలు సమాధి దిబ్బ నుంచి పుట్టిన రూపమే కదా. రాక్షసగుడి చూసి స్తూపానికి నడిస్తే ఆ సంబంధం కాళ్లతోనే తెలుస్తుంది. రెండింటి మధ్య దూరం కొద్ది అడుగులు, కాలం కొన్ని వందల ఏళ్లు.

మహాచైత్యం దగ్గర నేల చూడండి, పైకి కాదు. అసలు కట్టడం 106 అడుగుల వ్యాసం. లోపల ఇటుక గోడలు బండిచక్రానికి ఆకుల్లా నడిమి నుంచి అంచుకు పరుచుకుని ఉంటాయి. ఆకుల మధ్య ఖాళీల్లో మట్టి నింపారు. ధర్మచక్రం కాబట్టి చక్రం ఆకారం అని గైడ్లు చెబుతారు, అది తప్పేమీ కాదు. కానీ మేస్త్రీ కంటితో చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. అంత పెద్ద దిబ్బ మొత్తం ఇటుకతో కట్టాలంటే లక్షల ఇటుకలు కావాలి. ఉత్త మట్టి పోస్తే వానలకు జారిపోతుంది. గదులు గదులుగా గోడలు కట్టి మట్టి నింపితే ఇటుక మిగులుతుంది, మట్టి కదలదు. అర్థమూ, ఆదా రెండూ ఒకే గీతలో ఇమిడాయి. ఇటుకలు కూడా మన ఇప్పటివి కావు, లాంగ్‌హర్స్ట్ కొలిచినవి 20 అంగుళాల పొడవు, 10 వెడల్పు, 3 మందం. ఒక్కటి ఎత్తడానికి రెండు చేతులూ కావాలి.

ఇలాంటి ఒక మట్టిగదిలోనే, సరిగ్గా నడిమధ్యలో కాకుండా పక్కన, లాంగ్‌హర్స్ట్‌కు ధాతువు, అంటే పూజకోసం దాచిన అవశేషం, దొరికింది. పగిలిన కుండ, అందులో స్తూపం ఆకారపు వెండి భరిణె, అందులో చిన్న బంగారు భరిణె, దాన్లో బఠాణీ గింజంత ఎముక ముక్క. ఆ తర్వాత దాన్ని సారనాథ్‌లోని మహాబోధి సొసైటీకి ఇచ్చారు. 106 అడుగుల కట్టడమంతా ఆ గింజంత ముక్క కోసమే కట్టారు. పిల్లలకు చెప్పేటప్పుడు అరచేతిలో బఠాణీ గింజ పెట్టి చెబుతాను, స్తూపం ఎంతో అప్పుడు అర్థమవుతుంది.

నాలుగు దిక్కులా బయటికి పొడుచుకొచ్చిన వేదికలు ఉంటాయి, వాటిమీద ఐదేసి స్తంభాలు నిలబెట్టేవారు. ఆయక స్తంభాలు అంటారు. పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానం పొందడం, మొదటి బోధ, నిర్యాణం, ఈ ఐదింటికీ గుర్తు. సాంచీలో పెద్ద తోరణాలు ఉంటాయి, మన కృష్ణా లోయ స్తూపాలకు ఈ ఐదు స్తంభాలే గుర్తింపు. ఇంకో చిన్న స్తూపం లోపలి ఇటుకల అమరికలో స్వస్తిక్ ఉంటుంది, వెతకమనండి, పిల్లలకు ఆటలా ఉంటుంది.

సింహవిహారంలో ఎదురెదురుగా రెండు చైత్యగృహాలు, అంటే పూజామందిరాలు. ఒకదాంట్లో స్తూపం, ఇంకోదాంట్లో నిలువెత్తు బుద్ధుడు, కుడి భుజం మీద వస్త్రం లేదు. ఇక్కడ ఆగి ఆలోచించాల్సింది ఉంది. అంతకుముందు చాలాకాలం బుద్ధుణ్ని మనిషి రూపంలో చూపించేవారు కాదు. పాదముద్రలు, ఖాళీ సింహాసనం, చెట్టు, అంతే. తర్వాత విగ్రహం వచ్చింది. ఇక్కడ రెండూ ఒకే ముంగిట్లో, ఎదురెదురుగా ఉన్నాయి. స్తూపానికి మొక్కేవాళ్లు, విగ్రహానికి మొక్కేవాళ్లు ఒకే విహారంలో ఉన్నారని ఇంతకన్నా బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు నాకు. ఈ లోయకు సింహళం నుంచి కూడా భిక్షువులు వచ్చేవారు. ఉపాసిక, అంటే గృహస్థురాలైన బౌద్ధ భక్తురాలు, బోధిశ్రీ వేయించిన శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగం, వనవాసి, యవన, దమిళ, తామ్రపర్ణి ద్వీపం (అంటే సింహళమే) ఇలా పేర్లు వరసగా వస్తాయి. ఆ పేర్లు పైకి చదవండి, లోకమంతా ఈ లోయకు తెలిసినట్టే ఉంటుంది.

స్నానఘట్టం రాతి మెట్లు నున్నగా, ఒకదానికొకటి అతికినట్టు ఉంటాయి. నది ఒడ్డున ఉండాల్సినవి కొండ మీద ఉన్నాయి. ఇక్కడే నమూనా చూసినందుకు ఫలితం దక్కుతుంది: మెట్లు ఎటు దిగేవో, నది ఎటు ఉండేదో పిల్లలే చెబుతారు. అశ్వమేధానికి సంబంధించినదని చెప్పే మెట్ల కొలను కూడా చూడండి. కోట గోడలు మధ్యయుగానివి, కొండ మీదే పుట్టినవి కాబట్టి వీటిని ఎక్కడినుంచీ తేలేదు. టైముంటే గోడ వెంట కాస్త నడవండి, లేకపోతే దూరం నుంచి చూసినా చాలు.

తరలించినవాటిలో ఏది పాతది, ఏది కొత్తది అని మీ పిల్లలు అడుగుతారు. చెక్కిన రాయి, శాసనం దాదాపుగా పాతవే. ఇటుకల్లో కొత్తవి కలిశాయి. చిన్న సైజులో ఉన్నవి నమూనాలు. అక్కడి బోర్డులు చదివితే ఏది ఏదో తెలుస్తుంది, బోర్డు చదవకుండా ఏ కట్టడం దగ్గరా ముందుకు కదలొద్దని చెప్పండి. మెట్లెక్కి స్తూపం మీద నిలబడి ఫోటోలు దిగేవాళ్లు కనిపిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. మునక తప్పించుకుని బతికిన రాళ్లు అవి, మన చెప్పుల కింద అరగకూడదు.

మీ నాన్నగారి విషయం. రేవు నుంచి పైకి నడక ఉంది, ఎండలో అది ఆయనకు కష్టం. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో అయితే హాయిగా ఉంటుంది. వేసవిలో తప్పదంటే పొద్దున మొదటి లాంచీ తప్ప వేరేది వద్దు. మంచినీళ్ల సీసాలు, టోపీలు, జారని చెప్పులు తీసుకెళ్లండి. ఆయన్ను మ్యూజియంలో కూర్చోబెట్టి మీరు బయట తిరిగి రావద్దు, రాక్షసగుడి వరకైనా నెమ్మదిగా తీసుకెళ్లండి. తిండి అక్కడ దొరుకుతుందని నమ్ముకోకుండా కట్టుకుని వెళ్లండి, ప్లాస్టిక్ మాత్రం తిరిగి తెచ్చుకోండి.

ఒకవేళ గాలికో, వరదకో లాంచీ ఆగిపోయిందనుకోండి, రోజు వృథా కాదు. నేరుగా అనుపుకు వెళ్లండి. అది ఒడ్డునే ఉంది, రోడ్డు మీద వెళ్లొచ్చు. లోయలోని కొన్ని కట్టడాలను అక్కడికి తెచ్చి కట్టారు. వాటిలో రంగస్థలం లాంటిది ఒకటి ఉంది: మధ్యలో దీర్ఘచతురస్రపు చదునైన నేల, నాలుగు వైపులా మెట్లు మెట్లుగా కూర్చునే చోటు. పిల్లల్లో ఒకర్ని నడిమధ్యలో నిలబెట్టి, మామూలు గొంతుతో ఏదైనా చెప్పమనండి, మీరు పై మెట్టు మీద కూర్చుని వినండి. మైకులు లేని రోజుల్లో మాట ఎలా చేరిందో అప్పుడు తెలుస్తుంది. మీ నాన్నగారికి కూర్చోడానికి అంతకన్నా మంచి చోటు లేదు. లాంచీ దొరికినా సాయంత్రం అనుపు చూసే వీలు ఉంచుకోండి. ఎత్తిపోతలకు టైము మిగిలితే మిగిలింది, లేకపోతే ఈసారికి వదిలేయండి.

తిరుగు లాంచీలో వెనక వైపు కూర్చోండి, కొండకు ఎదురుగా. కొండ చిన్నదవుతూ పోతుంది. వెళ్లేటప్పుడు నీళ్లు చూశారు కదా, ఇప్పుడు నమూనాలో చూసిన లోయను ఆ నీళ్ల కింద పెట్టి చూడండి. మహాచైత్యం ఉన్న చోటు, ఘాట్ ఉన్న చోటు, ఊరు ఉన్న చోటు పిల్లలు చెయ్యి చూపించి చెప్పగలిగితే నాకు ఇక్కడే రాయండి. వాళ్లు ఏది ఎటు చూపించారో వినాలని ఉంది.